ఎవరి వైపు కొట్లాడాడు

కోర్టులో ఆమెను అందరూ దుబాసమ్మ అనేవారు. సాక్షులు తమ మాటల్లో చెప్పింది ఇంగ్లీషులోకి మార్చి కాగితం మీద పెట్టడం ఆమె పని. "నోరు ఒకటే, నాలుకలు రెండు" అని బంట్రోతు వేళాకోళమాడితే, "రెండూ జీతానికే ఆడతాయి, నీతో ఊరికే ఆడవు" అని నోరు మూయించేది. పంతొమ్మిదేళ్ళుగా కత్తిపోట్లూ, విరిగిన ఎముకలూ, కాలిన ఒళ్ళూ ఆమె చేతిమీదుగానే ఫైళ్ళలోకి వెళ్ళాయి. సాయంత్రం ఇల్లు చేరగానే అక్క అడిగేది: "ఇవాళ ఎవరు ఎవర్ని నరికారే?"

ఒకనాటి ఉదయం నూలు మిల్లులో షిఫ్టు మారే వేళకు రెండు వర్గాల కూలీలు కలబడ్డారు. బేళ్ళు లాగే కొక్కేలు, ఇనప గొట్టాలు, ఏది దొరికితే దానితో బాదుకున్నారు. ఒక వర్గానికి పెద్దగా ఉన్న మేస్త్రీ తల పగిలి అక్కడికక్కడే చచ్చిపోయాడు. అతని శవం మీద నుంచి పోలీసులు లాగిన మనిషి ఒక హమాలీ. చొక్కా నిండా మేస్త్రీ నెత్తురు.

ఆస్పత్రిలో వాంగ్మూలాలు రాయడానికి దుబాసమ్మను పంపించారు. హమాలీకి నడినెత్తి మీద తోలు లేచి ఎముక కనబడుతోంది. నర్సు కుట్లు వేస్తుంటే పళ్ళు బిగబట్టి చెప్పాడు.

"మేస్త్రీతో కలిసే కొట్లాడానమ్మా. ఆయన కింద పడ్డాక ఇంకా కొడుతుంటే నేను అడ్డం పడుకున్నా. అయినా వదల్లేదు."

పక్క మంచం మీద ఒకడు నెత్తురు కక్కుతున్నాడు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. ఆమె హమాలీ మాటలు నోటుబుక్కులో పెన్సిలుతో గీకి, ఆ మధ్యాహ్నమే టైపు చేసేసింది: "ఐ ఫాట్ విత్ ద మేస్త్రీ." అడ్డం పడుకున్నా అన్నది "అతని మీద పడ్డాను" అయి కూర్చుంది.

అయిదు నెలలకు కేసు విచారణకు వచ్చింది. బోనులో నిలబడ్డ హమాలీ ఎడమ కంటికి కట్టుంది. మేస్త్రీని చంపింది వీడేనని నమ్మిన మనుషులు, జైల్లో చెంచా కాడ నూరి ఆ కంట్లో పొడిచారట. సర్కారు వకీలు లేచి వాంగ్మూలం చదివాడు. "చూడండి, మేస్త్రీ మీద కలబడ్డానని తనే ఒప్పుకున్నాడు!"

దుబాసమ్మ రాస్తున్న కలం ఆపింది. ఆ వాక్యం తనదే.

ఆ సాయంత్రం అక్క గట్టిగా చెప్పింది. "ఎవరికీ తెలియదుగా. నోరు మూసుకుని ఉండు, ఉద్యోగం ఊడుతుంది."

"వాడికి ఉరి పడుతుందక్కా."

మర్నాడు కోర్టు మొదలవగానే ఆమె తన కుర్చీలోంచి లేచింది. "అయ్యా, ఆ మాట రాసింది నేను. తప్పు నాది."

వకీలు నవ్వాడు. "విత్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ తెలియదా అమ్మా?"

"తెలుసు కాబట్టే భయం సార్. గొట్టంతో కొట్టాడన్నా విత్తే, భయంతో వణికాడన్నా విత్తే. గాటున్న మొహంవాడు అనడానికీ అదే. ఒకరి పక్కన నిలబడి కొట్లాడినా విత్తే, వాడి గొంతు పట్టుకుని కొట్లాడినా విత్తే. ఈ మనిషి చెప్పింది పక్కన నిలబడటం. నా నోటుబుక్కులో అతని మాటలు ఉన్నట్టే ఉన్నాయి."

జడ్జి నోటుబుక్కు తెప్పించమన్నాడు. ఆమె రికార్డు గది నుంచి దాన్ని తెస్తుంటే నడవాలో మేస్త్రీ తమ్ముడు ఎదురయ్యాడు. "మా అన్నను చంపినవాణ్ణి విడిపిస్తావే?" అంటూ జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని కిటికీ ఊచలకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పళ్ళు రెండు గచ్చు మీద పడ్డాయి. హమాలీ పెళ్ళాం పరుగెత్తుకొచ్చి వాడి మణికట్టు కండ ఊడేలా కొరికింది. అప్పటికి గానీ వదల్లేదు.

కొంగు నోటికి అదుముకుని దుబాసమ్మ హాల్లోకి వచ్చింది. నోటుబుక్కు అట్ట తడిసి ఎర్రబడింది. "ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళమ్మా" అన్నాడు జడ్జి.

"ముందు రాయించండయ్యా" అంది. చిట్లిన పెదవుల మధ్య మాట సరిగ్గా పలకలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

కుట్లు వేసిన నర్సు కూడా వచ్చి అతను అన్న మాట అదేనంది. రెండు నెలల తర్వాత హమాలీని వదిలేశారు. మేస్త్రీని చంపిన దెబ్బ ఎవరిదో మాత్రం తేలనే లేదు.

జైలు నుంచి అతను పెళ్ళాంతో కలిసి తిన్నగా ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు. దండం పెడతాడనుకుంది. మొహం పక్కకు తిరిగిపోయేలా లెంపకాయ కొట్టాడు.

"కన్ను పోయింది నాకు. ఎలా తెస్తావు?"

బంట్రోతు ఉరికొచ్చాడు. ఆమె చెయ్యడ్డం పెట్టింది. "ఆగు. వదిలెయ్ ఆయన్ని." హమాలీ గోడను గుద్ది వెళ్ళిపోయాడు. పెళ్ళాం మాత్రం వెనక్కి తిరిగి, "నోరు నయమైందా అక్కా?" అని అడిగింది. దుబాసమ్మకు ఆ మాటకే ఏడుపొచ్చింది.

ఏడాది పాటు ఆమెను నకళ్ళు రాసే గదిలో పడేశారు. మళ్ళీ వాంగ్మూలాలకు పంపిన మొదటిరోజు, కట్టుకున్నవాడు మరుగుతున్న నీళ్ళు పోస్తే ఒళ్ళు బొబ్బలెక్కిన ఒకామె మంచం పక్కన దుబాసమ్మ కూర్చుంది. తను రాసిన ప్రతి వాక్యం తిరిగి ఆమె భాషలోకి మార్చి, ఆమెకే వినిపించింది.

"త్వరగా కానివ్వమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కాదండీ" అంది దుబాసమ్మ, ఇంకో పేజీ తిప్పుతూ.