వదిన గాజుల్లో దాగిన రబ్బరు రింగు

మొన్న నా ఫోన్‌లో సిమ్ము మారుస్తూ మా కోడలు, దానికి ఒక మూల కత్తిరించి ఉండేది తిరగేసి పెట్టకుండా ఉండటానికేనని చెప్పింది. ఆ ముక్కను వేలి మీద పెట్టుకుని చూస్తుంటే పటాన్‌చెరులో నేనూ మా వదినా పనిచేసిన పంపుల ఫ్యాక్టరీ గుర్తొచ్చి, కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను.

పొలాల్లో వీపుకు తగిలించుకుని మందు కొట్టే పంపులు తయారయ్యేవి అక్కడ. మూత కింద ఒక నల్లటి రబ్బరు రింగు పెట్టి బిగించడం మా ఆడవాళ్ల పని. పంపులకు సరిపడా రింగులు లెక్కపెట్టి ఇచ్చేవారు, మేము వాటిని ఎడమ చేతికి గాజుల్లా తొడుక్కుని ఒక్కొక్కటే తీసి వేసేవాళ్లం. సాయంత్రానికి చెయ్యి ఖాళీ అయిందంటే పని సక్రమంగా జరిగినట్టే. నీళ్లు పోసి పరీక్షించేది ఎక్కడో ఒకదాన్ని, మిగతావాటికి మా చేతులే సాక్ష్యం.

ఒక ఏడు శ్రావణంలో ఎవరు పుట్టించారో గానీ, ఆడబిడ్డలు వదినలకు గాజులు వేయించకపోతే అన్నలకు మంచిది కాదని ఒక మాట ఊరూరా పాకింది. నాకు ఇలాంటివంటే నవ్వే, అయినా అన్న విషయం కదా అని మా కర్దనూరు ఆడవాళ్లందరితో కలిసి పటాన్‌చెరు వెళ్లి, వదినకు ముంజేయి నిండా గాజులు తొడిగించాను. నల్లగా కనిపించేంత ముదురు ఆకుపచ్చవి కావాలని ఏరి మరీ ఎంచుకుంది. మర్నాడు వదిన పని నుంచి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే, ఆ గాజుల మధ్య మెత్తగా ఏదో తగిలింది. చూస్తే రబ్బరు రింగు. ఒకటి మిగిలిందంటే ఏదో ఒక పంపు రింగు లేకుండానే డబ్బాలోకి వెళ్లిపోయిందన్నమాట.

ఆ ఏడు బోరు ఎండిపోయి ఇల్లంతా మా ఇద్దరి జీతాల మీదే నడుస్తోంది. పైగా అంతకు ముందే ఒక పంపు కారిందని వెనక్కి వస్తే, మళ్లీ ఇలా జరిగితే పనిలోంచి తీసేస్తామని మేనేజరు అందరికీ గట్టిగా చెప్పి ఉన్నాడు. నౌకరి పోతే ఎట్ల, నోరు మూసుకుని ఉండమంది మా అమ్మ. వదిన మాత్రం అన్నం ముందు నుంచి లేచి, "ఎవలి వీపు మీదనో మందు కారుతది అత్తమ్మా, నాకు బువ్వ దిగుతలేదు" అంది.

పొద్దున మేము వెళ్లేసరికి లారీకి డబ్బాలు ఎక్కిస్తున్నారు. వదిన సరాసరి సూపర్‌వైజరు దగ్గరికి పోయి చెయ్యి చాపి, గాజుల మధ్య రింగు అలాగే ఉంచి చూపించింది. ఆయన వెంటనే లారీ ఆపించాడు, డబ్బాలు దింపించి ప్రతి పంపులోనూ నీళ్లు పోయించాడు. మధ్యాహ్నం దాటాక ఒక పంపు మూత చుట్టూ నీళ్లు బొటబొటా కారాయి. కారే పంపును చూసి అంత సంతోషపడ్డవాళ్లం లోకంలో మేమే అయ్యుంటాం.

మేనేజరు వచ్చి ఇక నుంచి అందరూ గాజులు తీసేసి రావాలన్నాడు. పెళ్లైన ఆడవాళ్లతో అనదగ్గ మాటేనా అది? సూపర్‌వైజరే నెమ్మదిగా అన్నాడు, "గాజులు తీస్తె యాదిమరుపు పోతదా సార్? రింగు లేకుంటె మూతనే బిగవకుండ జేద్దాం. ఈమె చెప్పింది గాబట్టి లారీ ఆగింది, ఈమెనే తీసేస్తె రేపు ఎవలు చెప్తరు?" మేనేజరు కారే పంపు మూత తిప్పి చూసి, సరే కానియ్యమని వెళ్లిపోయాడు. అక్కడే గోడకు ఆనుకుని వదిన ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

తర్వాత కొద్దిరోజులకే మూత బిగించే మీటకు చిన్న గొళ్లెం అమర్చారు. రింగు తన గాడిలో కూర్చుంటే ఆ మందానికి గొళ్లెం వదిలేది, లేకపోతే ఎంత నొక్కినా మీట దిగేది కాదు. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అంతవరకు ఇంటికెళ్లాక కూడా వేశానో లేదో అని పీకుతూ ఉండే మనసు, ఆ గొళ్లెం వచ్చాక గేటు దగ్గరే అన్నీ వదిలేసి బయటికొచ్చేది. పనిలోనూ కబుర్లు మొదలయ్యాయి. వదిన పాటలు కూడా అందుకునేది, గొంతు బాగుండేది కాదు, అది వేరే సంగతి.

ఇప్పుడు వదిన కూతురు పాశమైలారంలో అలాంటి ఫ్యాక్టరీలోనే పనిచేస్తోంది. రింగులు మిషనే వేస్తుందట, పడ్డదో లేదో కెమెరా చూస్తుందట. వింటే నాకు గుండె తేలికైంది, ఆ పిల్లకు మా భయాలు లేవు. అయితే తప్పు తన చేతిలోనే ఉందని తెలిసి, లారీ కదలక ముందే ఆ చెయ్యి చాపిన మనిషి పక్కన నేను ఏళ్ల తరబడి నిలబడి పనిచేశాను. ఆ పిల్ల పక్కన ఇప్పుడు మిషనే ఉంటుంది.