అరగజం కూడా అప్పనంగా ఇవ్వని మనిషి

వాల్టర్ ప్రిబిల్స్కీకి ఈ లోకంలో ఏది చూపించినా ఒక్కటే ఆలోచన: దీన్ని ఇంకెవరైనా దాటగలరా? కాసేపు కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి, "దాటేస్తారు" అంటాడు, లేదా "దాటలేరు" అంటాడు. మూడో మాట ఉండదు.

పక్కింటి పెద్దాయన తొంభై ఏడో ఏట పోయాడు. పలకరించడానికి వెళ్ళిన వాల్టర్ శవపేటిక ముందు చేతులు కట్టుకుని నిలబడి, కూతురు వింటుండగానే, "తొంభై ఏడు దాటేస్తారు" అన్నాడు. వాల్టర్ భార్య బెర్నడెట్ చర్చి విందు కోసం ఒక్క రోజులో కజ్జికాయల్లాంటి పియెరోగీలు రెండువందల పన్నెండు ఒత్తి, బంగాళదుంప ముద్ద కూరి, నడుం పట్టేసి కూలబడితే ఆవిడకీ అదే తీర్పు. ఆ వారమంతా ఆయనకు రొట్టె, డబ్బా సూపు తప్ప మరొకటి దొరకలేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదని ఆవిడ జీన్ దగ్గర వాపోయింది.

జీన్ మకావీ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆదివారాలు వాల్టర్ పక్కన కూర్చున్నవాడు. వారమంతా వాల్టర్ బడిలో లెక్కలు చెప్పేవాడు, జీన్ ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు. ఆదివారం వస్తే ఇద్దరూ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో పైనున్న అద్దాల గదిలో చేరేవారు. బంతి ఎవడు మోశాడు, ఎన్ని గజాలు పరిగెత్తాడు, ఎవడు పడగొట్టాడు అన్నది జీన్ బైనాక్యులర్‌తో చూసి చొక్కా మీది నంబరు చెబితే వాల్టర్ పెన్సిల్‌తో రాసేవాడు. వాళ్ళు రాసిందే లీగ్ పుస్తకాల్లోకి ఎక్కుతుంది. జీన్ ఎప్పుడూ కళ్ళజోడు పెట్టుకోడు. నలభై ఏళ్ళు చిరునామాలు చదివిన కళ్ళకు అద్దాలేమిటని అతని గర్వం.

వాల్టర్ మనసారా "దాటలేరు" అన్న రికార్డులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 1929లో ఒకాయన ఒక్క ఆటలో ఒక్కడే నలభై పాయింట్లు చేశాడు. 1952లో ఓ కుర్రాడు పన్నెండే ఆటల సీజన్లో, అవతలివాళ్ళు విసిరిన పద్నాలుగు బంతుల్ని మధ్యలో లాక్కున్నాడు. ఇప్పుడు పదిహేడు ఆటలాడుతున్నా దాన్ని అందుకున్నవాడు లేడన్న సంగతి, నోట్లో పనిముట్లు పెట్టించుకుని కూడా, పళ్ళ డాక్టరుకు విడమరిచి చెప్పాడు.

అంత కష్టపడి నిలబెట్టిన అంకెల పక్కన అప్పనంగా వచ్చిన గజం కూర్చోకూడదని ఆయన పట్టుదల. ఒక ఏడాది ఊరి జట్టు కుర్రాడొకడు తొమ్మిది వందల తొంభై తొమ్మిది గజాల దగ్గర ఆగిపోయాడు. ఇంకొక్కటి వేస్తే వెయ్యి. నువ్వు అరగజం అటూ ఇటూ జరిపితే ఆకాశం ఊడిపడదని జీన్ కూడా బతిమాలాడు. వాల్టర్ కదల్లేదు. మర్నాడు కుర్రాడి తల్లి ఫోన్ చేసి ఏకధాటిగా తిట్టింది. ఆయన గడియారం చూసుకుంటూ అంతా విన్నాడు.

"పదమూడు నిమిషాలు తిట్టారమ్మా. బాగానే ఉంది గానీ, దాటేస్తారు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆయనకు సొంత రికార్డు ఒకటుంది. లీగ్ ఆఫీసువాళ్ళు ప్రతి ఆటా మళ్ళీ ఫిల్మ్ వేసి చూసి, తప్పులుంటే దిద్ది పంపుతారు. మిగతా ఊళ్ళకు ఏటా నాలుగైదు దిద్దుబాట్లు మామూలే. వాల్టర్‌కు ముప్పై ఒక్క సీజన్లలో ఒక్కటీ రాలేదు. అది దాటలేరని చెప్పేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించడు కూడా. ఆ చలికాలంతో ఆయన పని మానేస్తున్నాడు. "ముప్పై ఒక్క సీజన్లు, దిద్దుబాట్లు సున్నా" అని క్లబ్బువాళ్ళు ఇత్తడి ఫలకం చేయిస్తున్నారు.

సరిగ్గా అప్పుడే, ఓ శుక్రవారం చర్చి హాల్లో అందరూ వేయించిన చేప తింటుండగా లానీ గ్రిగ్స్‌బీ వాల్టర్ బల్ల దగ్గరికి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. వంతెన పక్కన షెడ్డులో టైర్లు బిగించే లానీ ఇరవై రెండేళ్ళ కిందట ఊరి జట్టుకు ఒకే ఒక్క ఆట ఆడాడు. తర్వాతి వారమే మోకాలు పోయింది. ఆ ఒక్క ఆటలో, మంచు తుఫానులో, అవతలివాడి చేతిలోంచి జారిన బంతి మీద పడి పట్టుకున్నానని అందరికీ చెప్పుకుంటాడు. పుస్తకంలో అతని పేరు పక్కన సున్నా ఉంది. షెడ్డులో కుర్రాళ్ళు అతన్ని పేరు పెట్టి పిలవడం మానేసి, సున్నా అని పిలుస్తున్నారు.

"దిద్దమని అడగట్లేదు సార్. మీరు చూశారేమో అని, అంతే" అన్నాడు లానీ.

"కాగితంలో లేదు" అన్నాడు వాల్టర్.

లానీ తలూపి, చేప ముట్టకుండానే వెళ్ళిపోయాడు. జీన్‌కు ఒళ్ళు మండింది.

"చూశానని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయిందిరా?"

"చూడంది చూశానని ఎట్లా అంటాను?"

ఆ తర్వాత మూడు వారాలు వాల్టర్ జాడ లేదు. జీన్ కోపంగా ఉన్నాడు కాబట్టి వెతకనూ లేదు. చివరికి బెర్నడెట్టే పిలిచింది. ఈ మనిషి తిండీ తిప్పలూ మానేసి కింద గదిలో పాత ఆట చూస్తున్నాడని, టీవీవాళ్ళ ఫిల్మ్‌లో మంచు తప్ప ఏమీ కనబడక, అవతలి జట్టు కోచ్‌కు ఉత్తరాలు రాసి వాళ్ళ దగ్గరున్నది తెప్పించాడని చెప్పింది. తర్వాత బల్లమీద ఒక ఉత్తరం నకలు పెట్టింది. వాల్టర్ లీగ్ ఆఫీసుకు రాసింది. జారిన బంతిని పట్టింది యాభై మూడో నంబరు కాదని, యాభై ఎనిమిదో నంబరు లానీ గ్రిగ్స్‌బీ అని ఉంది. కింద, "ఆ రోజు నంబరు తప్పు చదివింది నేనే" అని సంతకం.

ఆ రోజు బైనాక్యులర్ పట్టుకుని యాభై మూడు అని చెప్పింది జీన్.

లీగ్ వాళ్ళు ఒప్పుకున్నారు. ఇత్తడి ఫలకం చెక్కేవాడికి సున్నా తీసేసి ఒకటి వెయ్యమని వాల్టరే స్వయంగా చెప్పి వచ్చాడు. ఆ శనివారం పొద్దున ఇద్దరూ దిద్దిన కాగితం పట్టుకుని టైర్ల షెడ్డుకు వెళ్ళారు. లానీ గ్రీజు చేతులు తుడుచుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. గొంతు సవరించుకుని, బంతి పట్టుకుని తను అయిదు గజాలు పరిగెత్తాడు కదా, అవి కూడా ఉన్నాయా అని అడిగాడు.

"బంతి నీదే. గజాలు సున్నా. పడ్డచోటనే పడుకున్నావు, పదకొండుసార్లు చూశాను" అన్నాడు వాల్టర్.

షెడ్డంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా లానీ నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. కుర్రాడొకడు ఆ కాగితం అడిగి తీసుకుని, గ్రీజు అంటకుండా అంచులు పట్టుకుని, గోడకు అతికించడానికి వెళ్ళాడు.

కారెక్కాక జీన్ ఉండబట్టలేకపోయాడు.

"ఒరే, తప్పు చెప్పింది నేను. ఎవడికీ అరగజం ఊరికే ఇవ్వనివాడివి, నా తప్పు నీ పేరున ఎట్లా రాసుకున్నావు?"

వాల్టర్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"మంచులో అంత దూరాన నీకు ఏనుగు కూడా ఆనదు. ఆ సంగతి మొదటి సీజన్‌లోనే తెలుసు. ప్రతి నంబరూ నేను మళ్ళీ చూసుకునేవాణ్ణి. ఆ ఒక్కసారి చేతులు కొంకర్లు పోయి, బైనాక్యులర్ పట్టలేక నిన్ను నమ్మాను. తప్పెవరిది?"

ముప్పై ఒక్క ఏళ్ళు జీన్ పని కూడా మళ్ళీ చేసుకుంటూ, ఆ కుర్చీలో ఇంకొకర్ని పెట్టమని క్లబ్బులో ఒక్కనాడూ అనని మనిషి మీద అతనికి ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో, అంత కోపమూ వచ్చింది. మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"చెబితే నువ్వు అలిగి రావడం మానేస్తావు. ఆదివారాలు ఎవడితో మాట్లాడాలి నేను?"

కారు ఇంటివైపు మలుపు తిరగలేదు. తిన్నగా వెళ్ళి కళ్ళజోళ్ళ దుకాణం ముందు ఆగింది.

"పదకొండింటికి రమ్మన్నారు. దిగు" అన్నాడు వాల్టర్.