ఆరు వందలకు పాడిన బొంత

ఎవరూ చూడకుండా చేసిన తప్పును దాచుకోవడం తేలిక. నేను చేసినదాన్ని నూట యాభై మంది చూశారు. చప్పట్లు కూడా కొట్టారు. అందుకే ఇన్నేళ్ళూ మోయడం ఇంత కష్టమైంది. ఎవరితోనైనా చెబుదామంటే, అదేం తప్పండీ, దేవుడికిచ్చారుగా అంటారు. మీరు అలా అనరనుకుని చెబుతున్నాను. అన్నా సరే, ముందు చివరిదాకా వినండి.

తొంభైల నాటి మాట. నేను ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసర్ని. ఆదివారం మధ్యాహ్నం, హిందీ వాళ్ళ ఆరాధన అయిపోయాక, అదే చర్చి హాల్లో మా తెలుగు సహవాసం జరిగేది. అక్కడ ముందు వరుసలో నాకో కుర్చీ ఉండేది. అది నాదని ఎవరూ చెప్పలేదు. నా కానుక కవరు మందాన్ని బట్టి దానంతటదే నాదైంది. హార్మోనియం నేను కొనిచ్చిందే, ఫ్యాన్లు నేను పెట్టించినవే. ఇంట్లో మాత్రం పనిమనిషి జీతం ఇరవై రూపాయలు పెంచమంటే నెలరోజులు సతాయించేవాణ్ణి. గుట్టుగా ఇవ్వాలని, డబ్బు మీద మనసు పెట్టుకోకూడదని ఎన్ని ప్రసంగాలు విన్నానో. అవన్నీ పిసినారుల కోసం చెబుతున్నారనుకునేవాణ్ణి. నేను ఇచ్చేవాణ్ణి కదా!

మా సెక్షన్‌లోనే యేసుపాదం పనిచేసేవాడు. ఫైళ్ళు కుట్టడం, ఒక గదిలోంచి ఇంకో గదికి మోయడం అతని పని. గుంటూరు వైపు మనిషి. జియా సరాయ్‌లో చదువుకునే పిల్లల మధ్య ఒక్క గది అద్దెకు తీసుకుని భార్య శాంతమ్మతో ఉండేవాడు. ఆఫీసులో నేను బెల్లు కొడితే వచ్చి నిలబడేవాడు. ఆదివారం సంగతి వేరు. ఎవరింట్లో జబ్బు చేసినా, ఎవరి పిల్లకు పరీక్షలున్నా, ‘యేసుపాదం అన్నా, నువ్వు ప్రార్థన చెయ్యి’ అనేవాళ్ళు. నన్ను ఒక్కరూ అడగలేదు. నన్ను ఫ్యాన్లు అడిగేవాళ్ళు. అది నాకు లోపల గుచ్చుకునేది. అసూయ అన్న మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను గానీ, అప్పుడు నాలో నేను కూడా అనుకోలేదు.

నవంబరులో కోత పండుగ. కోయడానికి ఢిల్లీలో ఎవరికి చేలున్నాయి? అయినా మన వైపు చేసినట్టే తలా ఒక వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళం. తర్వాత వాటికి వేలం పాట. వచ్చిన డబ్బు సంఘానికి. డాబా మీద డబ్బాల్లో పెంచిన గోంగూర కట్ట నూట యాభైకి పోయేది. నేను ఏటా ఏదో ఒకటి అందరికంటే ఎక్కువకు పాడి, తగుదునమ్మా అని దాన్ని మోసుకుంటూ హాలు మధ్యలోంచి నడిచేవాణ్ణి.

ఆ ఏడు బల్ల మీదికి ఒక బొంత వచ్చింది. పాత నేత చీరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టింది. వేలం వేసే పెద్దాయన సరదా మనిషి, ‘ఏక్, దో’ అంటూ పిల్లల్ని నవ్విస్తున్నాడు. వెనక నుంచి యేసుపాదం యాభై అన్నాడు. అతను ఎప్పుడూ పాట పాడింది లేదు. నాకు హుషారు పుట్టింది. వంద అన్నాను. నూట పది అన్నాడు. రెండు వందలు. రెండు వందల పది. మూడు వందలు. మూడు వందల పది. నాలుగు వందలు అని వెనక్కి తిరిగి చూశాను.

అతను నావైపే చూస్తున్నాడు. పక్కన శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. ఆ బొంత వాళ్ళదని నాకు అప్పుడే అర్థమైంది. ఇవ్వడానికి ఇంకేమీ లేక ఆమె ఇంట్లోంచి తెచ్చి పెట్టిందని, అతను దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి తంటాలు పడుతున్నాడని. తెలియక చేశానని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదు. తెలిసింది. అతను నాలుగు వందల పది అన్నాడు. అంతా తెలిసిన తర్వాతే నేను ఆరు వందలు అన్నాను.

చప్పట్లు మోగాయి. పాస్టరు అయ్యగారు నా పేరు చెప్పి స్తోత్రం చేశారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే యేసుపాదం వచ్చాడు. సంఘంలో అందరూ నన్ను అన్నగారు అనేవాళ్ళు. అతనికి అక్కడ కూడా నేను సారునే.

“సార్, ఆ బొంత మా అత్త కుట్టింది. పోయిన నెల్లో కాలం చేసింది. ఆమె చీరలే అయ్యి. మా ఆడమనిషి తొందరపడి పెట్టేసింది, ఇప్పుడేమో ఏడుస్తా ఉంది. ఆరొందలూ నెలకింతని ఇచ్చుకుంటా. నాకిచ్చేయండి సార్.”

“దేవుడికిచ్చింది మళ్ళీ అడక్కూడదు, యేసుపాదం.”

“ఠీక్ హై సార్,” అన్నాడు. ఆఫీసులో ఫైలు తీసుకుని వెళ్తూ అనే మాటే.

ఎవరివో పాత చీరలు మంచం మీదికి వద్దంది మా ఆవిడ. చలికి స్కూటరు స్టార్టయ్యేది కాదు. దాని మీద కప్పాను. డిసెంబరంతా ఆ బొంత మా క్వార్టర్స్ కింద స్కూటరు మీదే ఉంది.

జనవరిలో ఒకరోజు జలుబు చేసి సెలవు పెట్టాను. సంతకం కోసం యేసుపాదాన్ని ఇంటికి పంపారు. కిటికీలోంచి చూశాను. బొంత మూల ఒకటి మంచుకు తడిసి బురదలో వేలాడుతోంది. అతను ఆగాడు. ఫైలు చంకలో పెట్టుకుని, ఆ మూలను పిండి, మట్టి దులిపి, సీటు మీదికి మడిచి పెట్టాడు. తర్వాత మెట్లెక్కి వచ్చి బెల్లు కొట్టాడు. సంతకం పెట్టి ఫైలు ఇచ్చాను. టీ తాగమని కూడా అనలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రమే బొంతను లోపలికి తెచ్చాను. రెండుసార్లు ఉతికినా ఆయిలు మరకలు పోలేదు. ఈ మరకలతో ఎలా ఇస్తానని వాయిదా వేశాను. అది సాకని నాకు తెలియదా? మరకల బొంతనైనా శాంతమ్మ కళ్ళకద్దుకునేది. ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, అదీ నా భయం. నా దగ్గర డబ్బు తప్ప ఇంకేం లేదని అతనికి తెలిసిపోతుంది. ఆ మూల మడిచి పెట్టినప్పుడే అతనికి తెలిసిపోయి ఉంటుంది.

రెండేళ్ళకు అతను వేరే ఆఫీసుకు మారాడు. రిటైరయ్యాక ఊరెళ్ళిపోయారని విన్నాను. అడ్రసు కనుక్కోవడం కష్టమేమీ కాదు, ఒక్క ఫోను చాలు. ఇన్నేళ్ళలో ఆ ఒక్క ఫోనూ చేయలేదు.

ఇప్పుడు ఢిల్లీ పక్కనే వైశాలిలో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఇక్కడి సంఘంలోనూ నాది ముందు వరుసే. శాంతమ్మ తనకున్నది దేవుడికిచ్చింది. నేను దాన్ని స్కూటరుకు కప్పాను. ఈ రెండు మాటలు రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక గుండెల్లో కొంచెం తేలికైన మాట నిజమే. బొంత మాత్రం ఇంకా నా మంచం కింద పెట్టెలోనే ఉంది.