ఊపిరి బిగబట్టొద్దన్న సారు

మా డైవింగ్ సారు పోయారని వాళ్ల కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ కబురు నేను ఎవరికి చెప్పినా ఒకటే ప్రశ్న: "నీళ్లల్లోనేనా?" కాదయ్యా! ఇంట్లో, మంచం మీద. బతుకంతా నీళ్లలో తిరిగిన మనిషిని నీళ్లు ఏమీ చేయలేదు. ఈ మాట ఊరంతా వినాలి.

సారు నౌకాదళంలో డైవర్‌గా చేసి, రిటైరయ్యాక సొంతూరికి వచ్చారు. ఉరవకొండ దగ్గర వదిలేసిన రాతి క్వారీలో లోతుగా నీళ్లు నిలిచి ఉంటే, అక్కడే శిక్షణ మొదలుపెట్టారు. "తాగేకే నీళ్లు లేవు, మునిగేకి బడి పెట్టినాడు సూడప్పా" అని జనం నవ్వారు. "బావిలో పడినోన్ని తీసేకి సముద్రం కాడ్నుంచి వస్తారా ఎవురన్నా?" అని సారు ఎదురు అడిగేవారు.

మమ్మల్ని ముందు నీళ్లలోకి దించలేదు. శెనక్కాయలు పీకేసిన చేన్లో, వీపున, దేని గొట్టం దానికే ఉన్న రెండు గాలి సిలిండర్లు కట్టి, కళ్లకు టువాలు చుట్టి, మోకాళ్ల మీద పాకించేవారు. ఉన్నట్టుండి "కుడిపక్క గాలి పోతాండాది!" అని అరిచేవారు. చెయ్యి వెనక్కి పెట్టి తడిమి, ఆ పక్క వాల్వు మూసి, రెండో పక్క గొట్టం నోట్లో పెట్టుకోవాలి. నోట్లో గొట్టం లేనంతసేపూ పెదాలు తెరిచి సన్నగా ఊదుతూనే ఉండాలి. గొర్రెలు తోలుకుపోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. మా అమ్మ వారం పాటు వీధిలో తలెత్తలేదు.

ఆ ఊదడం ఎందుకంటే, మాదంతా బావి ఈత. ఊపిరి బిగబట్టి మునగడం, భయమేస్తే ఒక్క తన్ను తన్ని పైకి రావడం. సిలిండర్ గాలి పీల్చి అట్లా వస్తే, పైకొచ్చే కొద్దీ లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. సారు దానికి 'బావి బుద్ధి' అని పేరు పెట్టారు.

ఒకసారి క్వారీ లోతులో నా నోటి గొట్టం నిజంగానే చెడి, గాలి బుసబుసా పోవడం మొదలైంది. బుడగల్లో ఏమీ కనపడలేదు. నేర్చుకున్నదంతా మరిచిపోయి, ఊపిరి బిగబట్టి పైకి తన్నాను. సారు నా నడుం బెల్టు పట్టి ఆపారు. తన రెండో గొట్టం నాకు అందించారు. నేను నాలుగుసార్లు ఊపిరి తీసుకున్నాక, నా చెయ్యి పట్టుకెళ్లి, చెడిన పక్క వాల్వు నాతోనే మూయించారు. ఆగి ఆగి, నిదానంగా పైకి వచ్చాం.

గట్టు మీద ఏడుస్తూ, "ఇంక దిగను సార్" అన్నాను.

"ఈపొద్దు దిగొద్దులే. రేపు దిగు. సామాను చెడితే చెడనీ పాపా, నువ్వు చెడొద్దు."

మరునాడు దిగాను.

కర్మలు అయ్యాక బంధువులు సారు వాకిట్లో కూర్చుని తీర్మానం చేసేశారు. "ఆ సిలిండర్లు పాతసామాన్లోనికి ఏసి, క్వారీకి అడ్డంగా ముళ్లకంప కొట్టండి." నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే సారు కూతురు లేచింది.

"యాడికీ పోవు అవి. నాయన నాకు నేర్పుతా నేర్పుతా అంటానే పోయినాడు. నువ్వు నేర్పక్కా."

సారు బిడ్డను ఆ లోతుకు దించి, క్షేమంగా పైకి తేగలనా? భయమేసింది. ఇప్పటికీ వేస్తోంది. సరే అన్నాను.

నిన్న అదే చేన్లో ఆమె వీపున ఆ సిలిండర్లు, కళ్లకు సారు టువాలు కట్టాను. దోవన పోయే ఒకాయన బండి ఆపి, "ఏమ్మా, నీళ్లు యాడుండాయి ఈడ?" అని పడీ పడీ నవ్వాడు. ఆమె పెదాలు బిగించింది. ఆమెదీ బావి ఈతే.

"ఊదు" అన్నాను. తర్వాత, సారు అరిచినట్టే గట్టిగా అరిచాను: "కుడిపక్క గాలి పోతాండాది!"

ఆమె చెయ్యి వెనక్కి పోయి, తడుముకుంటూ వాల్వు పట్టుకుంది. బండాయన నవ్వుతూనే ఉన్నాడు. ఆమె వాల్వు తిప్పుతూ, పెదాలు తెరిచి, సన్నగా ఊదుతూనే ఉంది.