చింతపండు రుద్దిన కత్తి

మా ఆయనది కమ్మరి కొలిమి. తిత్తి ఊదేది నేను. ఊర్లో అందరూ పనితనం ఆయనదే అంటారు గానీ, నేను ఊదకపోతే ఆ కొలిమిలో పిల్లి పండుకుంటాది.

ఒక సమచ్చరం జొన్న కంకి పాలు పోసుకునే కాలానికి మా పక్కింటి సాయిబు తాత తుపాకి ఎత్తుకోని వచ్చినాడు. గొట్టంలో మందు కూరి కాల్చే నాటు తుపాకి, పందులను తోలేదానికి సర్కారోళ్ళు ఒప్పుకున్నది. మందు అంటుకునేదానికి టక్కున పడే చిన్న సుత్తిని గుర్రం అంటారు, దాన్ని లాగి కొట్టే కమాను విరిగిపోయింది. గుర్రం పడకపోతే తుపాకి పేలదు. తాతకు ఉండేది కొండ కింద ఆ ఒక్క చేను.

"రాత్రంతా డబ్బా కొడతాండా తల్లీ. పందులు నా డబ్బాకు భయపడేది మానేసినాయి," అన్నాడు.

కమాను అంటే వంగల్ల, వదిలితే లేయల్ల. మా ఆయన బండిచక్రం పట్టాతో చేస్తే, వంగింది వంగినట్టే ఉండిపోయింది. "ఏమప్పా, నీ కమాను దండం పెడతాండాదే!" అని నేను నవ్వితే ఆయనకు శానా కోపమొచ్చింది. బేతంచెర్ల రాతి గనుల్లో అరిగిపోయిన ఉలి తెచ్చి చేసినాడు. అది టప్పుమని విరిగింది.

మరుసటి రోజు తాత పాత తుండులో చుట్టి ఒక కత్తి ముక్క తెచ్చినాడు. నవాబుల కాలంలో వాళ్ళ తాతలు నడుముకు కట్టిన కత్తంట. పిడి పోయి, తుప్పు పట్టి మూరెడు మిగిలింది. "ఇంట్లో పడుండి ఏం చేస్తాది? చేనన్నా కాయనీ," అన్నాడు గానీ, చేతిలోంచి మాత్రం వదల్లేదు.

నేనే అడిగి తీసుకోని చింతపండు రుద్ది తుప్పు కడిగితి. అమ్మమ్మా! ఇనుములో నీళ్ళు! ఏటి మీద గాలి తోలినట్టు సన్న సన్న అలలు, కత్తి పొడుగునా. ఎవరూ గీసింది కాదు, ఉక్కులోనే ఉండాయి. మా ఆయన చేతులు తుడుచుకోని మరీ తాకినాడు. "ఏమ్మే, ఇట్లాంటి ఉక్కు కరగబోసేటోళ్ళు ఇప్పుడు యాడుండారు?" అన్నాడు.

అన్నాడా, అయినా బుద్ధి యాడికి పోతాది? సగం కోసి, అన్ని ఇనుములకు మాదిరే తెల్లగా కాల్చి సమ్మెట దెబ్బ వేసినాడు. పాత బెల్లం మాదిరి పొడిపొడి అయిపాయ.

తాత ఆ పొడినంతా ఏరి తుండులో మూట కట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, మా ఆయన మీద ఒళ్ళు మండింది. "ఆ ఉక్కుకు నీ ఆత్రం పనికిరాదు. ఈసారి మంట నేను చెప్పినంతే," అంటి.

మాటకు మాట చెప్పే మనిషి, "నీ ఇష్టమే," అన్నాడు.

మెల్లగా ఊదినా. ఎండుమిరపకాయ రంగు రాంగానే "చాలు" అంటి. చిన్న చిన్న దెబ్బలు వేసేది, రంగు ఆరితే మళ్ళీ కాల్చేది. పొద్దు వాలేదాకా అదే పని. ఆఖరికి వంచితే వంగింది, వదిలితే చెంగున లేచింది. చింతపండు రుద్దితే అలలు అట్లే ఉండాయి. తాత వాటిని బొటనవేలితో తడిమి తడిమి చూసుకున్నాడు.

నాలుగు దినాలకు, పొద్దు గూకేటప్పుడు, కొండ కింద తుపాకి పేలింది. నేను తిత్తి వదిలేసి బయటికి ఉరికినా.

కోతలయినాక తాత తట్టలో జొన్నలు తెచ్చి మా గడపలో పెట్టినాడు. "మా తాతల కత్తి కాపలా కాసిన జొన్నలు తల్లీ. రొట్టెలు చేసుకోండి."

ఆ పూట మా ఆయన రొట్టె తుంచి, నోట్లో పెట్టుకునే ముందర కండ్లకద్దుకున్నాడు. శ్రీశైలం మల్లన్న ప్రసాదం ఇచ్చినా నిలబడి నమిలేసే మనిషి ఆయన.