వెనక చక్రం లేని సైకిల్

రోడ్డు మీద పోయే సైకిల్ మీద నుంచి ఎవరైనా పడతారు. ఇంట్లో గోడ పక్కన నిలబెట్టి, ప్లగ్గుకు తగిలించి, ఇంచు కూడా కదలని సైకిల్ మీద నుంచి పడాలంటే మాత్రం కాస్త ప్రతిభ ఉండాలి. నాకది పుష్కలంగా ఉంది. పైగా నాది పంక్చర్ దుకాణం. జహీరాబాద్‌లో హైవే పక్కన, ముంబై పోయే లారీల కింద దూరి ఇరవై ఏళ్లు బతికాను. చక్రం గురించి నాకెవరైనా చెప్పబోతే నవ్వొచ్చేది. అలాంటి నన్ను, వెనక చక్రమే లేని ఒక సైకిల్ మా ముందు గదిలో బోర్లా పడేసింది.

ఆ సైకిల్ ఇంటికి రావడానికి కారణం కూడా నేనే.

నా భార్య ఝరాసంగం వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్. నేను ఏడో తరగతి సగంలోనే, స్టాపు రాకముందే బస్సు దూకినట్టు, బడి దిగిపోయిన రకం. ఆమె న్యాల్‌కల్ దగ్గర పల్లె నుంచి రోజూ సైకిల్ తొక్కుకుంటూ హైస్కూలుకు వెళ్లి పది పాసైంది. అందుకే ఆమెను టీచరమ్మా అని పిలుస్తాను. మామూలుగా షేర్ ఆటోలో వెళ్లి వస్తుంది. మొన్నటి వానాకాలం చివర్లో ఒక సాయంత్రం ఆటో దొరకలేదని ఫోన్ చేస్తే, బండి మీద తీసుకురావడానికి వెళ్లాను. వాన అప్పుడే వెలిసింది. అల్లం చేను దగ్గర ట్రాక్టర్ టైర్లు రోడ్డు మీదికి బురద మోసుకొచ్చాయి. నేను చూడలేదు. ఎందుకంటే ఆమెకు ఏదో జోక్ చెబుతున్నాను, నవ్విందో లేదో చూద్దామని తల వెనక్కి తిప్పాను. నాకు మోచేతి మీద నాలుగు గీతలు. ఆమెకు మోకాలి చిప్ప రెండు ముక్కలు.

హైదరాబాద్ దవాఖానలో తీగ వేసి ముక్కలు కలిపారు. కట్టు విప్పాక మోకాలు వంగడం మరిచిపోయింది. వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"అన్నా, ఇది ఇప్పుడు వంగకుంటె గట్లనే గట్టిపడ్తది. సైకిల్ తొక్కియ్యున్రి. రోడ్డు మీద కాదు, నిలబెట్టిన సైకిల్. అల్కగ తొక్కాలె, జోర్ పెట్టొద్దు."

అంగన్‌వాడీ కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం కాదు. మూడేళ్ల పిల్లలు నేల మీద ఉంటారు, టీచర్ కూడా నేల మీదే. సూపర్‌వైజర్ మేడం మంచి మనిషి, జూన్ దాకా ఆయమ్మతో నడిపిస్తానంది. జూన్‌లో కూడా కింద కూర్చోలేకపోతే తానే కాగితం రాసిచ్చి ఉద్యోగం మానుకుంటానని నా భార్య ఇంట్లో తేల్చి చెప్పేసింది. పదహారేళ్ల ఉద్యోగం. నేను తల తిప్పిన అర క్షణానికి అది పోతుందా, ఉంటుందా అన్నదే ఇంట్లో మాట.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో తేలికపడేవాణ్ని. దుకాణంలో డ్రైవర్లతో జోకులు నడిచేవి, అది గిరాకీ కోసం. ఇంటికొచ్చేసరికి నోరు మూతపడేది. "ఏమయ్యా, దుకాణంల ఎవలన్న కొట్టిన్రా?" అని ఆమే అడిగేది.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజినీర్ సారొకాయన కారు టైర్లకు నా దగ్గరికే వచ్చేవారు. ఆయనకు పుణేకు బదిలీ అయింది. విషయం విని, తన భార్య సైకిలూ దానికి బిగించే ట్రైనర్ అనే మిషినూ తీసుకుపొమ్మన్నారు. వాళ్ల వరండాలో చూపించారు. తక్కువ ఎత్తు సైకిల్, గేర్లున్నాయి. వెనక చక్రం తీసేసి, చైనును నల్లటి ఇనప డబ్బా లాంటి దానికి తగిలించారు.

"సార్, వెనక చక్రం?"

"అక్కర్లేదు. చైన్ నేరుగా దీన్నే తిప్పుతుంది."

"మరి పంక్చర్?"

"చక్రమే లేదు కదయ్యా, పంక్చరేంటి?"

"సార్, నా కడుపు కొట్టే మిషిన్ తెచ్చి నాకే ఇస్తున్నరా?"

ఆయన నవ్వి మిగతాది చెప్పారు. ట్రైనర్‌కు కరెంటు తీగ ఉంటుంది. ట్యాబ్‌లో యాప్ పెట్టి, బ్లూటూత్ కలిపితే తెర మీద రోడ్డు వస్తుంది. మనం తొక్కితే తెర మీద బొమ్మ తొక్కుతుంది. తెర మీద ఎక్కుడు వస్తే ఇక్కడ పెడల్ దానంతటదే బిగుసుకుంటుంది, దిగుడు వస్తే వదులవుతుంది. ఎదురుగా ఫ్యాన్ పెట్టుకోమన్నారు, ఇంట్లో ఎదురుగాలి ఉండదు కాబట్టి చెమటతో స్నానమవుతుందట. అన్నీ అర్థమైనట్టు తల ఊపాను. తల ఊపడంలో నాకు చిన్నప్పటి నుంచే మంచి మార్కులు.

ఇంటికి తెచ్చి గదిలో పెట్టగానే నా భార్య అడ్డుపడింది.

"పూజ చెయ్యకుంట ఎవ్వలు ఎక్కేది లేదు."

"ఇది యాడికి పోదు గదనే."

"పోకుంటె ఏంది? బండి బండే."

కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మాకు తప్పని మర్యాద. ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ పెట్టింది. వెనక చక్రం లేదు కాబట్టి రెండోది ట్రైనర్ పక్కన పెట్టి బొట్టు పెట్టింది. హాస్టల్లో చదివే మా అమ్మాయి ఇంట్లో వదిలిపోయిన ట్యాబ్‌లో యాప్ పెట్టి, అది అడిగినవన్నీ నింపి, నేను ఎక్కాను. తొక్కాను. తెర మీద సముద్రం ఒడ్డున ఎక్కడిదో రోడ్డు, నీలం నీళ్లు, కొండ అంచు. ఐదు నిమిషాలు తొక్కినా నిమ్మకాయ చెక్కు చెదరలేదు. ముందు చక్రం కదిలితే కదా!

అప్పుడు తెర మీద రోడ్డు ఒక్కసారిగా ఎడమకు తిరిగింది. బండి నడిపే ఏ మనిషైనా ఏం చేస్తాడు? నేనూ అదే చేశాను, ఎడమకు వాలాను. ట్రైనర్‌కు రెండు పక్కలా విప్పి నిలబెట్టాల్సిన కాళ్లుంటాయి. అవి ఎత్తి మోయడానికి పిడులనుకుని మడిచే ఉంచాను. నేను, సైకిల్, డబ్బా, అందరం కలిసి వాలాం. రెండో నిమ్మకాయ నలిగింది, నా తొడ కింద.

తరువాత ఒక చప్పుడు వినిపించింది. మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న నా భార్య నవ్వుతోంది. ముందు కొంగు అడ్డం పెట్టుకుంది, తరువాత కొంగు కూడా ఆపలేకపోయింది. వానాకాలం నుంచి ఆ నవ్వు వినలేదు. నేను వెంటనే లేవలేదు. నేను లేస్తే ఆమె నవ్వు ఆపేస్తుందేమోనని కాసేపు అలాగే నిమ్మరసంలో పడి ఉన్నాను.

"లే, ముహూర్తం అయిపాయె," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆ కాళ్లు ఇప్పు. దానియి."

మర్నాడు పొద్దున, దుకాణం తెరవకముందు ఆమె ఎక్కింది. చీరతో కుదరదని, మా అమ్మాయి పంజాబీ డ్రెస్ ఒకటి తీసి తాను వేసుకుంది. చిన్న పీట వేసి, నా భుజం పట్టుకుని ఎక్కింది. దెబ్బ తగిలిన కాలు పెడల్‌ను సగం దాకా తెచ్చి ఆగిపోయింది. పైకి రావాలంటే మోకాలు ఇంకొంచెం వంగాలి, అది వంగలేదు. వెనక్కి, ముందుకు, వెనక్కి, ముందుకు. ఉయ్యాల ఊగినట్టు ఐదు రోజులు అంతే. ఆరో రోజు ఆమె పళ్లు బిగబట్టి, నడుమును కొంచెం పక్కకు జరిపి తోసింది. పెడల్ పైకి వచ్చి, అవతలి వైపు దిగింది. ఒక పూర్తి చుట్టు. నేను ఆ పెడల్ వైపే చూస్తున్నాను. ఆమె తెర వైపు చూస్తోంది.

"గీడు కదిలిండు!" అంది. "ఇంతకు గీడెవడయ్యా? మీసాలొకటి."

"నువ్వే, టీచరమ్మా."

"నాకెప్పుడొచ్చినయి మీసాలు?"

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఆమె సముద్రం ఒడ్డుకు వెళ్లేది. నేను ఫ్యాన్ పెట్టి, తువాలు భుజాన వేసుకుని, నీళ్ల సీసా పట్టుకుని పక్కన నిలబడేవాణ్ని. ఏ దేశంలోనో తన ఇంట్లో తొక్కుతున్న ఎవరో, తెర మీద ఆమెను దాటిపోతూ బొటనవేలు గుర్తు పంపాడు. మెచ్చుకోలన్నమాట.

"ఎవడు వీడు? పొద్దుగాల పొద్దుగాల ఆడోళ్లకు వేలు చూపెడ్తుండు."

"నీ మీసాలు చూసి పంపిండు, ఫికర్ చెయ్యకు."

చదును రోడ్డు మీద బాగానే సాగింది. యాప్‌లో ఒక రోడ్డు పూర్తయితే మరో రోడ్డు చూపిస్తుంది, వాటిలో గుట్టలు మొదలయ్యాయి. ఆమెకు గుట్ట అంటే భయం లేదు, వాళ్ల ఊరి దారిలో ఎక్కుళ్లు ఎక్కి బడికి పోయిన మనిషి. కానీ ఈ గుట్టల మీద పెడల్ బిగుసుకుపోయేది. నిలబడి తొక్కాలంటే మోకాలు ఒప్పుకోదు. మీసాలాయన ఎక్కడం మధ్యలో ఆగిపోయేవాడు, వెనకనుంచి వచ్చిన వాళ్లంతా దాటిపోయేవారు. అయినా ఆమె వదల్లేదు. రెండు వారాలు రోజూ ఆ గుట్టలతోనే పోట్లాడింది. ఒకరోజు దిగేసరికి మోకాలు ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉంది.

మంచు గడ్డలు గుడ్డలో చుట్టి పెట్టాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

"మేడానికి చెప్పు," అంది. "ఇంకెవలనన్న పెట్టుకొమ్మను. నాతోని కాదు."

"నాలుగు రోజులు ఆగు."

"చిన్న గుట్ట ఎక్కుతలేను. పోరగాండ్ల ముంగట ఎట్ల కూసుంట? లేపుడెవలు నన్ను?"

ఆమె ఏడవడం నేను దవాఖానలో కూడా చూడలేదు. చేతిలో మంచు కరిగి చేతుల మీదుగా కారుతోంది. జోక్ ఒకటి నాలుక చివరకు వచ్చింది, మింగేశాను. బయటికి వెళ్లి పుణేకు ఫోన్ చేశాను.

సారు అన్నీ విని ఒక్కటే అడిగారు.

"యాప్‌లో బరువు ఎంత పెట్టావు?"

"తొంభై రెండు సార్."

"ఆమె తొంభై రెండు కిలోలుంటుందా?"

"ఆమె కాదు సార్, నేను."

నాకు మెల్లగా వెలిగింది. ఇంట్లో ఏ ఫారం వచ్చినా, పైన నా పేరు రాసి నింపడం అలవాటు. గ్యాసు, కరెంటు మీటరు, ఇంటి పన్ను, అన్నిట్లో నేనే. యాప్ అడిగింది పేరు, వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా. తొక్కేది ఆమె అన్న సంగతే మరిచి, అన్నీ నావే వేసి పారేశాను. మీసాలు కూడా అందుకే వచ్చాయి. సారు చెప్పారు: ఎక్కుడు వచ్చినప్పుడు ట్రైనర్ ఎంత బిగుసుకోవాలో ఆ బరువును బట్టే లెక్క వేసుకుంటుందట. యాభై నాలుగు కిలోల మనిషి, విరిగి అతికిన మోకాలితో, తొంభై రెండు కిలోలను గుట్టకు ఎక్కించబోయింది.

"బరువు మార్చు. గుట్ట మీద పెడల్ ఎంత బిగుసుకోవాలో తగ్గించే మీట ఒకటుంటుంది, దాన్ని కూడా కిందికి జరుపు. వాపు తగ్గేదాకా ఎక్కించకు, ముందు ఫిజియోకు చూపించు," అన్నారు సారు.

అన్నీ చేశాను. ఫిజియో అమ్మాయి చూసి, లోపల ఏం చెడలేదు, వారం ఆపి అల్కగ మొదలుపెట్టమంది. తప్పు చెప్పాలంటే నోరు రాలేదు. మోకాలు విరగడానికి కారణం నేనే, అది బాగుపడకుండా అడ్డుపడ్డదీ నేనే అని ఏ మొహంతో చెప్పను?

వారం తరువాత ఆమెను బతిమిలాడి ఎక్కించాను. చదును రోడ్డు అయిపోయి అదే గుట్ట వచ్చింది. ఆమె ముందే పళ్లు బిగబట్టింది. పెడల్ తిరిగింది. ఇంకోసారి తిరిగింది. ఆమె నా వైపు అనుమానంగా చూసింది.

"గుట్ట మెత్తగయిందేందయ్యా?"

"నీ కాలు గట్టిపడ్డది."

గుట్ట పైకి చేరింది. అక్కడ తెర మీద మంచు కురుస్తోంది, ఇక్కడ ఆమె నుదుటి మీద చెమట. తువాలు అందించాను.

ఎండాకాలమంతా అలా గడిచింది. ముందు పీట మీద కూర్చుంది, తరువాత ఎత్తు తక్కువ పీట, తరువాత మడిచిన దుప్పటి. జూన్‌లో సెంటర్ తెరిచిన రోజు షేర్ ఆటో దాకా వెంట నడిచాను. ఆటో మెట్టు మీద ఆ కాలే ముందు పెట్టింది. కడ్డీ పట్టుకుని ఒక్కసారి ఆగింది. సాయం చేయబోతే చేత్తోనే వద్దంది. ఎక్కి కూర్చుని, పక్కామెతో అప్పుడే ముచ్చట మొదలుపెట్టింది. ఆటో పోయాక దుకాణానికి వెళ్లి, ఒక లారీ డ్రైవర్‌తో మామూలు కంటే పెద్దగా పోట్లాడాను, ఎందుకో నాకే తెలియదు.

సాయంత్రం వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఒక కాలు పూర్తిగా మడిచింది, రెండోది ముక్కాలు వంతు. పిల్లలు మొదట గుర్తుపట్టలేదట, తరువాత ఒక పిల్ల వచ్చి ఒళ్లో కూర్చుందట. అది చెబుతుంటే ఆమె చేయి ఆ మోకాలి మీదే ఉంది. ఇక దాచలేక, యాప్ సంగతి మొత్తం చెప్పేశాను. గుట్ట మెత్తబడ్డది నిజమే, అంతకుముందు పదిహేను రోజులు నువ్వు మోసింది నా బరువు అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది.

"ఎన్ని కిలోలు?"

"తొంభై రెండు."

నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, మళ్లీ చేట అందుకుంది.

"గంతేనా? పెండ్లయినకాడి నుంచి మోస్తున్న, ఇంక ఎక్కువుంటవనుకున్న."