విస్తరి మీద చెయ్యి

వియ్యంకుడు నెయ్యి కారుతున్న పోలెను నా విస్తరిలో వేయబోయాడు. నేను విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను. నెయ్యి నా వేళ్ల మీద పడింది. పంక్తిలో వాళ్లు మా వైపు తిరిగారు.

"ఏంది బావా, మా ఇంటి పోలె చేదైందా?"

"ఒద్దు బావా."

"ఒక్కటే. నా చేత్తోని పెడుతున్న."

"నీ చేత్తోని గనుకనే ఒద్దు."

వంటింటి గడపలో మనవణ్ణి ఎత్తుకుని నిలబడ్డ నా బిడ్డ, "నాయినా, జర తుంచి నోట్లేస్కో" అంది. నేను చెయ్యి తీయలేదు.

వియ్యంకుడి ఊరు రాజోలిలో మనవడి పుట్టువెంట్రుకల రోజు అది. మా పాలమూరు వైపు పోలె అంటే పూర్ణం పెట్టి కాల్చిన తీపి రొట్టె. వియ్యంకుడు స్వయంగా కొసరితే కాదనకూడదు. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే ఆ ఇంటిని కాదన్నట్టే. తెలిసే పెట్టాను.

బిడ్డ పెళ్లికి ముందే వనపర్తి దవాఖానలో నా కంటి లోపలి ఫొటో చూపించారు. ఎర్రటి చుక్కలు. షుగర్ ఇట్లాగే ఉంటే చూపు పోతుందన్నారు. తీపి మానేశానని అందరికీ చెప్పుకున్నాను. పెళ్లి పంక్తిలో ఆగలేకపోయాను. పోలె నోట్లో, నెయ్యి గడ్డం మీద ఉండగా వియ్యంకుడు నా వెనక నిలబడి ఫొటో తీయించాడు, చుట్టాల గ్రూపులో పెట్టాడు. "మా బావకు పేపర్ల నీతులు రాసుడే ఎరుక. నోరు కట్టుకునుడు తెల్వదు" అని కింద రాశాడు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా చుట్టాలంతా నవ్వారు.

కంటి ఫొటో తలచుకుని తీపి మానాలని చూశాను. భయం వారానికే పాతబడింది. పగ పాతబడలేదు. పత్రికలో ఉన్నన్నాళ్లూ రాయడంతో పాటు ఫొటోల్లో అక్కర్లేనిది కత్తిరించడం కూడా నా పని. పెళ్లి ఫొటోను మనసులోనే కత్తిరించాను. నన్ను తీసేసి, నవ్వుతున్న ఆయన నోరూ అందులోని బంగారు పన్నూ మిగుల్చుకున్నాను. బస్టాండ్ దగ్గర మిఠాయి దుకాణం ముందు కాళ్లు నెమ్మదిస్తే ఆ పన్ను చూసేవాణ్ణి. కాళ్లు కదిలేవి. టీకొట్టాయన "జరంత చక్కెర ఏస్త సార్, ఏం గాదు" అంటే ఆ నోరు చూసేవాణ్ణి. తర్వాత ఇంకో బొమ్మ కల్పించుకున్నాను: ఆయన వంగి వడ్డిస్తుంటాడు, విస్తరి మీద నా చెయ్యి. నిజంగా జరిగిన రోజు అందుకే నాకు కొత్తగా అనిపించలేదు. హాయిగా మాత్రం ఉండింది.

ఆయన నాతో మాట మానేశాడు. నా షుగర్ దిగింది. మొన్న బిడ్డ ఫోన్ చేసి, ఆయనకూ షుగర్ వచ్చిందని చెప్పింది. "ఉగాదికి మామను పిలుస్తవా నాయినా?"

పిలిచాను. ఉగాది నాడు మా ఇంట్లో పోలెలు. కొసరి పెట్టవలసింది నేనే. నెయ్యి కారే పోలెతో ఆయన మీదికి వంగే బొమ్మ అప్పుడే తయారైంది. అందులో ఆయన చెయ్యి ఎక్కడుంటుందో మాత్రం కనపడటం లేదు.

వస్తానని గానీ, రానని గానీ ఆయన ఇంకా చెప్పలేదు.